తుపాకీ, తూటా, మన టీవీ పెట్టె

గత నెల రమజానులో ఒక ఇఫ్తార్ విందులో విన్న మాట ఇంకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. అక్కడ చేరినవారిలో చదువుకున్నవారు, నాలుగు దేశాలు తిరిగినవారు ఎక్కువ. వారిలో ఒకాయన విమానాశ్రయంలో సామాను బెల్టు ముందు గంటసేపు నిలబడవలసివచ్చిన వైనం చెబుతూ, "సూట్‌కేసులకన్నా టీవీ పెట్టెలే ఎక్కువండీ! తాళ్లతో కట్టినవి, దుప్పట్లలో చుట్టినవి. చూసేవాళ్లు నవ్వుకుంటున్నారు. మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా మన పరువు తీస్తున్నారు" అన్నారు. చుట్టూ ఉన్నవారంతా నవ్వారు. విందు పాడుచేయడం ఇష్టంలేక నేను ఆ పూట మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాను.

ముందుగా ఆ పెద్దమనిషికి ఒక సంగతి గుర్తు చేయాలి. ఆ పెట్టె మోసేవాడు మనవాడు మాత్రమే కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి దుబాయి వెళ్లిన గౌడ, పద్మశాలి, మాదిగ కుటుంబాల బిడ్డ కూడా అదే పెట్టె మోస్తున్నాడు. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడకూతురు కూడా మోస్తున్నది. హైదరాబాద్ పాతబస్తీ నుంచి రియాద్, జిద్దా వెళ్లిన డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు ఆ వరుసలో ఒక భాగం. కనుక ఇది కూలివాని పరువు సంగతి. దానిని మతం పరువు సంగతిగా చూసి సిగ్గుపడటం మనం నేర్చుకున్న చెడ్డ అలవాట్లలో ఒకటి.

డెబ్బైలలో చమురు ధర పెరిగి గల్ఫు తలుపులు తెరుచుకున్ననాటి నుంచీ మన ఇళ్లలోకి వచ్చిన వస్తువులను ఒకసారి తలుచుకోండి. మొదట టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు వచ్చింది. ఆ తరువాత వీసీఆర్, మిక్సీ, ఇస్త్రీపెట్టె, అన్నం వండే కుక్కరు. వీధిలో ఎవరింట్లో టేపు మోగినా, "వాళ్లబ్బాయి సౌదీలో ఉన్నాడు" అని అందరికీ తెలిసేది. పదిమంది ఒక గదిలో మంచాలపై మంచాలు వేసుకొని పడుకునే క్యాంపులో ఆ మనిషి ఆ వస్తువును ఒక్కరోజైనా వాడుకొని ఎరుగడు. తాను లేని ఇంట్లో తన గుర్తుగా ఉండటానికి దానిని కొన్నాడు. పెట్టెకు కట్టిన తాడును చూసి నవ్వినవారికి ఈ మాట తెలియదని నేను అనుకోను. వారి తండ్రుల తరం కూడా అలాంటి తాళ్లే కట్టింది.

ఇక పరువు ఎవరు తీశారో చెబుతాను. 2013 ఆగస్టు 26 నుంచి అమలులోకి వచ్చిన ఒక ఉత్తర్వు తీసింది. అప్పటిదాకా విదేశం నుంచి వచ్చే ప్రయాణికునికి 35,000 రూపాయల విలువైన సామానుపై సుంకం ఉండేది కాదు. ఆ విలువలోపు టీవీ కూడా అందులోనే పోయేది. ఆ రోజు నుంచి బల్లపరుపు టీవీలను, అంటే ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ, ప్లాస్మా అనే మూడు రకాలనూ, ఆ మినహాయింపు నుంచి తొలగించారు. అది రూపాయి కుప్పకూలుతున్న నెల. ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది. 2012-13లో దేశపు కరెంటు ఖాతా లోటు సుమారు 8,800 కోట్ల డాలర్లు, అంటే జాతీయోత్పత్తిలో 4.8 శాతం. విదేశీ వస్తువుల రాకను తగ్గించాలి గనుక టీవీలు ఆపామన్నారు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాగా నాకు ఒక అలవాటు ఉంది: ఖర్చు పద్దు చూసినప్పుడు జమ పద్దు కూడా చూస్తాను. అదే 2013లో విదేశాలలో ఉన్న భారతీయులు ఇంటికి పంపిన సొమ్ము ప్రపంచ బ్యాంకు లెక్కలో సుమారు 7,000 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాలేదు. 2018లో అది 7,900 కోట్లకు చేరింది. అప్పటి రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం ఈ సొమ్ములో సగానికి పైగా గల్ఫు దేశాల నుంచే వచ్చేది. లోటును పూడ్చే డాలరు ఎవరి చెమటదో, ఆ మనిషి చంకలోని పెట్టె మీదనే లోటు పేరిట సుంకం వేశారు. కాంగ్రెసు ప్రభుత్వం వేసింది, తరువాతి ప్రభుత్వం తీయలేదు. ఈ విషయంలో రెండు పార్టీలకూ తేడా లేదు.

2016 ఏప్రిల్ 1 నుంచి కొత్త బ్యాగేజీ నియమావళి వచ్చింది. సుంకం లేని పరిమితిని 50,000 రూపాయలు చేశారు. మంచిదే. కాని దాని చివర అనుబంధం-1 అని ఒక చిన్న జాబితా ఉండేది. మినహాయింపు వర్తించని వస్తువుల జాబితా అది. పాఠకులు దానిని తప్పక చదవాలి. మొదటిది తుపాకులు. రెండవది 50కి మించిన తూటాలు. మూడవది 100కు మించిన సిగరెట్లు. నాల్గవది రెండు లీటర్లకు మించిన మద్యం. ఐదవది ఆభరణాలు కాని బంగారం, వెండి. ఆరవది బల్లపరుపు టీవీ.

ఈ వరుసను నిదానంగా చూడండి. సిగరెట్లు వంద వరకు ఫరవాలేదు. మద్యం రెండు లీటర్ల వరకు ఫరవాలేదు. తూటాలకు సైతం యాభై అనే ఒక హద్దు ఉంది. లైసెన్సు ఉండాలి, అది వేరే మాట. టీవీకి మాత్రం "ఇంతవరకు" అనే వెసులుబాటు లేదు. తుపాకీలాగే మొదటిదానికే సుంకం. తాగని, కాల్చని మనిషి తన తల్లి కోసం తెచ్చే వస్తువుకు దొరకని వెసులుబాటు సీసాకు దొరికింది.

పోలిక అక్కడితో ఆగదు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సాధారణ పరిమితితో పనిలేకుండా సుంకం లేకుండానే తెచ్చుకోవచ్చు. దాని ధర లక్షన్నర అయినా అడిగేవారు లేరు. అమెరికా నుంచి వచ్చే ఇంజనీరు బిడ్డకు ఈ సౌకర్యం ఉన్నందుకు నాకు సంతోషమే. మా బంధువుల పిల్లలూ వాడుకుంటున్నారు. కాని భుజాన వేలాడే సంచిలోని వస్తువు జ్ఞానసాధనమనీ, తోపుడుబండి మీది పెట్టె విలాసమనీ ఎవరు నిర్ణయించారు? దమ్మామ్‌లో వెల్డింగు పని చేసేవాడికి ల్యాప్‌టాప్ ఎందుకు? వాడి ఇంటికి కావలసినది వాడికి తెలియదా?

మా బస్తీ కుర్రవాడొకడు రియాద్‌లో ఒక అరబ్బు ఇంట్లో ఏడేళ్లుగా డ్రైవరు. ఈ సంవత్సరం చెల్లెలి పెళ్లికి వస్తూ 43 అంగుళాల టీవీ తెచ్చాడు. కస్టమ్స్ వారు దాని విలువ 40,000 రూపాయలుగా కట్టారు. 35 శాతం సుంకం 14,000. దాని మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 1,400. మొత్తం 15,400 రూపాయలు. సర్‌చార్జి పేరు గమనించారు కదా! జేబులో అంత లేదు. బయట ఎండలో నిలబడ్డ తండ్రి ఇద్దరు బంధువులను అడిగి పోగుచేసి లోపలికి పంపించాడు. మరునాడు ఆ రసీదు పట్టుకొని మా ఇంటికి వచ్చి, "చాచా, నేనేం దొంగతనం చేశాను? అందరి ముందూ పక్కకు నిలబెట్టారు" అన్నాడు. రసీదును రెండుసార్లు చూశాను. లెక్కలో తప్పు లేదు. ఆ అధికారి అమర్యాదగా మాట్లాడలేదనీ కుర్రవాడే చెప్పాడు. తప్పు లేని రసీదు చేతిలో పట్టుకొని తప్పు చేసినవాడిలా మనిషి నిలబడవలసివస్తే, తప్పు నియమంలో ఉన్నట్టు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. దేశంలోని కర్మాగారాలను కాపాడుకోవాలంటారు. ఇంకొకటి, టిక్కెట్టు ఖర్చు పోనూ లాభం మిగులుతున్నదని బ్యాంకాకు, దుబాయి వెళ్లి మూడురోజుల్లో టీవీతో తిరిగివచ్చేవారు తయారయ్యారనీ, కమిషనుకు ఇతరుల టీవీలు మోసేవారు తయారయ్యారనీ అంటారు. రెండవ మాట నిజమే. అయితే మూడురోజుల విహారయాత్రికునికీ మూడేళ్ల కూలివానికీ మధ్య తేడా కనిపెట్టడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ ముద్రలున్నాయి. బంగారు నగల విషయంలో ఈ నియమావళే ఆ తేడాను పాటించింది: ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవారికే పురుషునికి 20 గ్రాములు, స్త్రీకి 40 గ్రాములు అని రాసింది. నగకు పనికివచ్చిన కొలబద్ద టీవీకి ఎందుకు పనికిరాదు?

అన్నిటికన్నా విడ్డూరం శాశ్వతంగా తిరిగివచ్చే కుటుంబాల విషయంలో ఉంది. సౌదీ ప్రభుత్వం 2017 జులై నుంచి విదేశీ ఉద్యోగి వెంట ఉన్న భార్యాబిడ్డల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. 2018లో అది 200 అయింది, 2019 జులై నుంచి 300 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు అప్పుడు నెలకు 1,200 రియాళ్లు కేవలం వాళ్లను దగ్గర ఉంచుకున్నందుకు కట్టవలసివచ్చింది. అందుకే ఇరవై ఏళ్ల కాపురాలు పెట్టెల్లో సర్దుకొని మన బస్తీలకు వచ్చేశాయి. ఇలాంటివారికి 2016 నియమావళిలో నివాస మార్పిడి అనే హక్కు ఉండేది. రెండేళ్లకు పైగా విదేశంలో ఉండి, ఆ రెండేళ్లలో మన దేశంలో గడిపిన సెలవులు మొత్తం ఆరు నెలలు మించకుండా, గత మూడేళ్లలో ఈ రాయితీ వాడుకోకుండా ఉంటే, ఐదు లక్షల రూపాయల విలువ వరకు ఇంటి సామాను సుంకం లేకుండా తెచ్చుకునే వీలుండేది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, వంట పొయ్యి అన్నీ అందులో వచ్చేవి. విమానంలో తెచ్చుకోలేని బరువు సామాను ఓడలోనో కార్గోలోనో పంపినా చెల్లేది. మనిషి ఇక్కడ దిగిన నెలలోపు అక్కడి నుంచి బయలుదేరి ఉండాలి.

ఆ రాయితీ జాబితాలో "కలర్ టెలివిజన్" అని కూడా రాసి ఉండేది. చదివి సంతోషించేలోపు అనుబంధం-1 అడ్డం వచ్చేది: బల్లపరుపు టీవీ ఈ రాయితీలోనూ చెల్లదు. వీపు ఉబ్బుగా ఉండే పాత గాజు టీవీ అయితే చెల్లుతుందన్నమాట! అది ఏ దుకాణంలో దొరుకుతుందో ఆ వాక్యం రాసినవారే చెప్పాలి. లేని వస్తువుకు రాయితీ ఇచ్చి, ఉన్న వస్తువుకు సుంకం వేయడం గుమాస్తాగిరిలో మేము కూడా ఎరుగని నేర్పు.

విమాన సంస్థల సంగతి వేరే కథ. టిక్కెట్టు అమ్మేటప్పుడు "ముప్పై కిలోలు" అని ఒక్క మాట చెబుతారు. పెట్టె కొలత గురించి ఎవరూ చెప్పరు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదని చాలా సంస్థల నియమం. 32 అంగుళాల టీవీ పెట్టె అందులో ఇమడవచ్చు. 43 అంగుళాలది ఇమడదు. కొన్ని సంస్థలు అదనపు రుసుము తీసుకొని ఒప్పుకుంటాయి, కొన్ని టీవీని అసలు తీసుకోవు. ఆ సంగతి కౌంటరు దగ్గర, వెనక రెండువందల మంది నిలబడి ఉండగా, విమానానికి గంటన్నర ముందు తెలుస్తుంది. అప్పుడు ఆ మనిషి చేయగలిగిందేమిటి? అడిగినంత కట్టాలి, లేదా పెట్టెను అక్కడే వదిలేయాలి. తాళ్ల గురించి నవ్విన పెద్దమనిషికి ఇంకో మాట: గుండ్రటి మూటలను, చదునైన పక్క లేని సామానును తీసుకోమని దుబాయి విమానాశ్రయం 2017లోనే ప్రకటించింది. యంత్రాల బెల్టులో అవి చిక్కుకుంటాయట. సరే, సబబే. అయితే ఆ ప్రకటన క్యాంపులో తెలుగు, ఉర్దూ మాత్రమే వచ్చిన కూలివానికి ఎవరు చదివి వినిపించారు?

టీవీ తీసుకున్నా, పెట్టెకు ఒక చీటీ కట్టి సంతకం పెట్టించుకుంటారు. పగిలితే మా బాధ్యత లేదని దాని సారాంశం. ఇంటికి వచ్చి విప్పితే తెర మీద సాలెగూడులాంటి పగుళ్లు. "సంతకం పెట్టాం కదా, ఇంకేముంది" అని మనవాళ్లు ఊరుకుంటారు. ఊరుకోకూడదు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది; సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతర్ కూడా అందులో ఉన్నాయి. చెక్-ఇన్ సామాను పాడైతే ప్రయాణికునికి 1,131 ఎస్‌డీఆర్‌ల వరకు విమాన సంస్థ బాధ్యత వహించాలన్నది 2019 నాటి పరిమితి. ఆనాటి లెక్కన లక్ష రూపాయలకు కాస్త పైమాటే. ఈ బాధ్యతను తప్పించే షరతు ఏదైనా చెల్లదని ఆ ఒప్పందమే చెబుతున్నది. సరిగా కట్టకపోవడం వల్లనో, వస్తువులోని లోపం వల్లనో పగిలిందని వారు వాదించవచ్చు. చీటీని అందుకే వాడతారు. వాదించనివ్వండి. కాని ఫిర్యాదు రాతపూర్వకంగా, సామాను అందిన ఏడు రోజుల్లోపు ఇవ్వాలి. ఎనిమిదో రోజున నా దగ్గరికి వచ్చినవారికి నేను చాయ్ మాత్రమే ఇవ్వగలిగాను. విమానాశ్రయం దాటకముందే పెట్టె విప్పి చూసి, నష్టం నమోదు చేయించి కాగితం తీసుకొంటే పని సగం అయినట్టే. మిగతా సగానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

కస్టమ్స్ దగ్గర కూడా కాగితమే దిక్కు. టీవీ పెట్టెతో గ్రీన్ ఛానల్‌లో నడిచిపోయి "ఎవరూ చూడలేదు" అనుకోవడం, పట్టుబడ్డాక ఎవరికో చాయ్‌పానీ ఇవ్వజూపడం - ఈ రెండూ మనకు మనం చేసుకునే అన్యాయాలు. రెడ్ ఛానల్‌లో వెళ్లి నిజం చెప్పండి, బిల్లు చూపండి, సుంకం కట్టి రసీదు తీసుకోండి. కట్టే సొమ్ము లేకపోతే, నిజం ప్రకటించిన వస్తువును కస్టమ్స్ వద్దనే ఉంచి, తిరుగు ప్రయాణంలో వెనక్కి తీసుకుపోయే వీలు కస్టమ్స్ చట్టం 80వ సెక్షనులో ఉంది. ఇంకొక హెచ్చరిక. "మావాళ్లకు ఇచ్చెయ్ భాయ్" అని ఎవరైనా సీలు వేసిన పెట్టె చేతికిస్తే, బంధువైనా సరే, తీసుకోవద్దు. లోపల ఏముందో దేవునికే తెలుసు. పట్టుబడితే పేరు మాత్రం మీది.

ఇంతవరకు సర్కారును, సంస్థలను అడిగాను. ఇప్పుడు మన గుమ్మంలోకి వస్తాను. ఆ రియాద్ కుర్రవాడు టీవీని తన ఇంటికోసం తేలేదు. చెల్లెలి అత్తవారి కోసం తెచ్చాడు. "మీ అబ్బాయి సౌదీలోనే ఉన్నాడుగా, ఇక్కడిది ఎందుకు, అక్కడిదే తెప్పించండి" అని వరుని తల్లి అన్నదట. కంపెనీ పేరు కూడా చెప్పిందట. మెహర్ ఇచ్చి పెళ్లాడవలసిన మగవాడు పెట్టె పుచ్చుకొని పెళ్లాడుతున్నాడు. ఆ పెట్టెకు ధర సౌదీలో ఒకసారి, కౌంటరు దగ్గర ఒకసారి, కస్టమ్స్‌లో ఒకసారి, చివరికి ఆ చెల్లెలి కాపురంలో ప్రతిరోజూ చెల్లించవలసివస్తున్నది. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉన్న దేశంలో, షరీఅత్ పేరు ఎత్తకుండా వేదిక దిగని పెద్దల మధ్యనే ఇది జరుగుతున్నది. ఇఫ్తార్ విందులో నవ్వినవారిలో ఇద్దరు తమ కొడుకుల పెళ్లిళ్లలో ఏమేమి తీసుకున్నారో నాకు తెలుసు. పెట్టె మోసేవాడిని చూసి నవ్వేముందు పెట్టె అడిగినవాడిని చూసి సిగ్గుపడటం నేర్చుకుందాం.

సుంకం, అదనపు రుసుము, పగిలే ప్రమాదం కలుపుకుంటే ఈనాడు టీవీ అక్కడినుంచి తేవడం దండగే. మన ఊరి దుకాణంలో కొంటే వారంటీ కూడా ఉంటుంది. అడిగినవారికి నేను ఈ సలహానే ఇస్తున్నాను. "మరి నియమంతో గొడవ ఎందుకు" అని మిత్రులు ప్రశ్నిస్తున్నారు. తేవడం మానుకోవడం మన తెలివి. తెచ్చినవాడిని తుపాకీ తెచ్చినవాని పక్కన నిలబెట్టడం మాత్రం అవమానం. నా తెలివితో వారి అవమానం చెల్లుబాటు కాదు.

2019 జులై 5న అప్పటి కొత్త ప్రభుత్వపు తొలి బడ్జెట్ వచ్చింది. మనం కోరేది చిన్నది. అనుబంధం-1 నుంచి ఆరవ అంశాన్ని తొలగించాలి. అది కుదరదంటే, ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికి మూడేళ్లకొకసారి ఒక టీవీకి, శాశ్వతంగా తిరిగివచ్చే కుటుంబానికి ఒక టీవీకి మినహాయింపు ఇవ్వాలి. టీవీ తీసుకుంటారో లేదో, పెట్టె కొలత ఎంతో, టిక్కెట్టు మీదనే ప్రయాణికుని భాషలో రాయాలని విమానయాన శాఖను కోరాలి. ఆర్థిక మంత్రికి, మన పార్లమెంటు సభ్యులకు పంపవలసిన వినతిపత్రం ముసాయిదా సిద్ధం చేశాను. సంతకం ముస్లింలవే కానక్కరలేదు. జగిత్యాల, సిరిసిల్ల గల్ఫు కార్మికులవి కూడా కావాలి. సుంకం కట్టినవారు రసీదు నకలు, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పేజీల నకలు జతచేయాలి. రియాద్ కుర్రవాని రసీదు మొదటి నకలుగా ఇప్పటికే ఫైలులో పెట్టాను.